పరుపుల గోడౌన్‌లో పాట

ఆమెను ఇంట్లోనూ వీధిలోనూ ప్లగ్గు అనే పిలిచేవారు. ఆ పేరు పెట్టింది వాళ్ళ నాన్న దగ్గర పనిచేసేవాళ్ళు. నాన్నది మైకుసెట్ల షాపు. సభలకీ ఆటల పోటీలకీ కొత్త షాపుల ప్రారంభాలకీ మైకులు, సౌండు పెట్టెలు అద్దెకిచ్చేవాడు. ఎక్కడికెళ్ళినా ఒకటే గోల. ఎవరో ఒకరు నడుస్తూ నడుస్తూ వైరు తన్నేవాళ్ళు, ప్లగ్గు ఊడేది, మాట్లాడుతున్న పెద్దమనిషి నోరు మాత్రం ఆడిస్తూ బొమ్మలా నిలబడిపోయేవాడు. అందుకని నాన్న చిన్న కూతుర్ని తీసుకొచ్చి ప్లగ్గు పక్కన కూర్చోబెట్టాడు.

"ఇదే నీ పని. ఎవరి కాలైనా ఇటొస్తే కరిచెయ్యి" అన్నాడు.

ఒకసారి నిజంగానే కరిచింది. ఆ కాలు సభాధ్యక్షుడిది.

చదువు అబ్బలేదనడం కంటే, దానికి సమయం చిక్కలేదనడం న్యాయం. వారంలో సగం రోజులు ఏదో ఒక ప్లగ్గు దగ్గరే గడిచిపోయేవి. ప్లగ్గు ఎప్పుడూ స్టేజీ వెనకే ఉంటుంది. అక్కడ కూర్చున్నవాళ్ళకి పాడేవాళ్ళ మొహం కనపడదు, వేసుకొచ్చిన బట్టలు కనపడవు, చేతులూపడం కనపడదు. గొంతొక్కటే వస్తుంది. ముందు కూర్చున్నవాళ్ళు సింగారం చూసి చప్పట్లు కొడుతుంటే, వెనక కూర్చున్న ఈ పిల్ల మొహం చిట్లించేది. ఒకరోజు ఇంటికొస్తూ, "ఇవాళ పాడినాయనకి ఆ పాట మీద కోపం నాన్నా" అంది. నాన్న నవ్వేశాడు. ఆ పాట వద్దని ఆయన ఎంత మొత్తుకున్నా వినకుండా పట్టుబట్టి పాడించారని తర్వాత తెలిసింది.

పెద్దయ్యాక ఒక రికార్డుల కంపెనీ స్టూడియోలో పనికి కుదిరింది. పెద్ద బిల్డింగు. లోపల చలి, కింద తివాచీ, గదికీ గదికీ మధ్య గాజు. వైర్లు చుట్టడం, మైకులు పెట్టడం, తీయడం, పాడేవాళ్ళకి నీళ్ళందించడం ఆమె పని. వైరు చుట్టడం కూడా ఒక పనేనా అంటారు గానీ, మెలిక పడకుండా చుట్టింది మర్నాడు విసిరితే చక్కగా జారి పరుచుకుంటుంది. ఎలా పడితే అలా చుట్టింది విప్పుకోవడానికే ఒక పూట తినేస్తుంది.

అక్కడి ప్రొడ్యూసర్‌ని అందరూ గురువుగారు అనేవారు. ప్రొడ్యూసర్ అంటే డబ్బు పెట్టేవాడని బయటివాళ్ళ లెక్క. రికార్డుల దగ్గర అలా కాదు. ఏ పాట తీసుకోవాలి, ఎవరు వాయించాలి, పాడినదాంట్లో ఏది ఉంచాలి, ఏది పారెయ్యాలి, ఇవన్నీ తేల్చేది ఆయనే. సౌండ్ ఇంజనీరు మైకులూ మీటలూ చూసుకుంటాడు. గురువుగారి వెనక ఏళ్ళ తరబడి నిలబడి నిలబడి ప్లగ్గుకి ఆ రెండు పనులూ వచ్చేశాయి. ఆయన మంచివాడే. "ఆ మైకు కొంచెం జరుపమ్మా. ఎటో నీకే తెలుసు" అనేవాడు. ఆమె జరిపేది, గొంతు బాగొచ్చేది, రికార్డు బయటికొచ్చేది. కవరు మీద నీళ్ళందించినవాళ్ళ పేర్లు వెయ్యరు కదా, ఆమె పేరూ ఉండేది కాదు.

ధైర్యం కూడగట్టుకుని ఒకరోజు మేనేజరు దగ్గరికెళ్ళింది. "ఒక్క రికార్డు నా చేత చేయించండి సార్" అని అడిగింది.

మేనేజరు ఫోన్లోంచి తల ఎత్తలేదు. "ఏమ్మా, వైర్లు చుట్టడం అయిపోయిందా?"

"అయిపోయింది సార్."

"అయితే విప్పి మళ్ళీ చుట్టు."

ఆమె వెళ్ళి నిజంగానే విప్పింది. స్టూడియోలో ఉన్న వైర్లన్నీ విప్పి, కుప్ప పోసి, చుట్టకుండా ఇంటికొచ్చేసింది. మర్నాటి నుంచి వెళ్ళలేదు.

అక్క కంగారు పడింది. "ఇప్పుడేం చేస్తావే?"

"సొంతంగా స్టూడియో పెట్టుకుంటా."

"నోటితో పెట్టేస్తావా? దానికేం కావాలో ఏంటో."

"పెద్ద గది. గోడలకి నిండా మెత్తలు. మాట గోడకి తగిలి వెనక్కి రాకూడదు."

టీవీ చూస్తున్న బావ అప్పుడు ఇటు తిరిగాడు. బావది పరుపుల వ్యాపారం. "మెత్తలా? ఎంత మందం?" అన్నాడు.

"ఎంతుంటే అంత మంచిది బావా."

"దూదా, స్పాంజా, స్ప్రింగుదా?"

"ఏవండీ, అది పరుపు కొనడానికి రాలేదు" అంది అక్క.

"తెలుసులేవే. మన గోడౌన్‌లో నిలబడి ఎంత అరిచినా నా గొంతు నాకే వినపడదు. లోడు దించేవాళ్ళని తిట్టినా వాళ్ళకి తిట్టినట్టుండదు. అలాంటి గదేనా దీనికి కావాల్సింది?"

అలాంటిదే. షాపు వెనక పొడవాటి షెడ్డు. రెండు వైపులా కప్పు దాకా పేర్చిన పరుపులు, మధ్యలో నలుగురు నిలబడే చోటు. మూల గుమస్తా కూర్చునే చిన్న గది, దానికొక కిటికీ. ఆ గదిలో మిక్సర్, కంప్యూటర్ పెట్టుకుంది. మైకులు పరుపుల మధ్య నిలబెట్టింది. మొదటిసారి తనే మాట్లాడి రికార్డు చేసుకుని విన్నప్పుడు ఆమెకి ఒళ్ళు పులకరించింది. గొంతు పక్కనే కూర్చుని మాట్లాడినట్టుంది. కంపెనీ వాళ్ళు గోడలకి అంతంత పోసి చేయించుకున్నది ఇక్కడ అమ్మకానికి పేర్చి ఉంది.

ఇబ్బందులు లేకపోలేదు. పాట సగంలో ఉండగా ఎవరో తలుపు తోసుకొచ్చి, "ఈ డబుల్ కాటుది ఎంతండీ?" అనేవారు. లారీ వస్తే అంతా ఆగాల్సిందే. ఆసుపత్రిలో టోకెన్లు పిలిచే గొంతులు, బస్‌స్టాండు ప్రకటనలు, పిల్లల కథలు, కొత్తగా పాడేవాళ్ళ పాటలు, వచ్చిన పనల్లా చేసింది. సౌండు బాగుందని అందరూ అన్నారు. ప్రొడ్యూసర్ అని మాత్రం ఒక్కరూ అనలేదు. "పరుపుల షాపు వెనక ఉంటుందే, ఆ అమ్మాయి" అనేవారు.

గంటమ్మగారు వచ్చింది కూడా పరుపు కోసమే.

గంటమ్మగారి పాట వినని ఇల్లు లేదు. వయసుతో పాటు ఆవిడ గొంతు దిగి దిగి, పెద్ద గంట కొట్టాక చివర మిగిలే మోత దగ్గర ఆగింది. సభల్లో పాడేది కానీ రికార్డు చేసి చాలా ఏళ్ళయింది. స్టూడియో అంటేనే మండిపడేది. "అద్దాల పెట్టెలో నిలబెట్టి, చెవులకి డిప్పలు తగిలించి, ఇప్పుడు మనసు పెట్టి పాడండి అంటారు. ఎవరికి పాడాలి, అద్దానికా?" అనేదట. ఆవిడకి నడుం నొప్పి. డాక్టరు గట్టి పరుపు కొనుక్కోమన్నాడు.

బావ స్వయంగా గోడౌన్‌లోకి తీసుకొచ్చి పరుపు పరిచాడు. ఆవిడ పడుకుని కళ్ళు మూసుకుంది. నడుం కాస్త సర్దుకున్నట్టుంది, ఏదో రాగం తీసింది. తీసి, ఆపి, కళ్ళు తెరిచింది.

"ఏమయ్యా, ఇక్కడ గొంతు పారిపోవడం లేదే."

"పారిపోదండి. పదేళ్ళు గ్యారంటీ" అన్నాడు బావ.

కిటికీ వెనకున్న ప్లగ్గు అప్పటికే లేచి నిలబడింది. నెమ్మదిగా బయటికొచ్చి, "అమ్మా, మీరు పడుకునే ఉండండి. ఇంకొక్కసారి తీయండి. నచ్చకపోతే చెరిపేస్తా" అంది. ఆవిడ తీసింది. ప్లగ్గు వినిపించింది. ఆవిడ పరుపు మీద లేచి కూర్చుని, ఆ పరుపు మాట మర్చిపోయి, మళ్ళీ వినిపించమంది. వెళ్ళేటప్పుడు, "నా రికార్డు ఇక్కడే అవుతుంది. చేసేది నువ్వే" అంది.

ఆవిడ రికార్డు చేస్తానంటే వద్దనే కంపెనీ ఉంటుందా? పాత కంపెనీ మేనేజరే పరిగెత్తుకొచ్చాడు. గోడౌన్ చూసి ముక్కు మీద రుమాలు పెట్టుకున్నాడు. గంటమ్మగారితో ఏమీ అనలేక, ప్లగ్గుని పక్కకి పిలిచాడు.

"చూడమ్మా, ఆవిడ మాట కాదనలేక ఒప్పుకుంటున్నా. అయిపోయాక గురువుగారు వచ్చి వింటారు. ఎక్కడైనా తేడా కొట్టిందా, మొత్తం మా స్టూడియోకి పట్టుకుపోతాం. ఆయన సరిచేస్తారు, కవరు మీద ప్రొడ్యూసర్ అని ఆయన పేరే ఉంటుంది. సరేనా?"

"తేడా లేకపోతే?"

"లేకపోతే నీ పేరు."

ఆ మాట కోసమే ఆమె ప్లగ్గు దగ్గర కూర్చున్న నాటి నుంచీ ఎదురుచూస్తున్నట్టుంది. సరేనంది.

పాటలు ఒకదాని వెనక ఒకటి చక్కగా వచ్చాయి. ఏ పాట ముందు, ఏది తర్వాత, వాయిద్యాలు ఎక్కడ ఆగాలి, అన్నీ ప్లగ్గే చెప్పింది. గంటమ్మగారు చిన్నపిల్లలా వింది. ఒక్కదానికే ఒప్పుకునేది కాదు. పాడింది మళ్ళీ పాడదు. "నిన్న ఏడ్చిన ఏడుపు ఇవాళ మళ్ళీ ఏడవమంటే ఎలా అమ్మాయ్?" అనేది. అందుకని వచ్చినదాన్ని పట్టుకోవడమే, రెండో అవకాశం లేదు.

చివరిది పెద్ద పాట. రికార్డుకి దాని పేరే. తల్లి ఎవరి కోసమో ఎదురుచూసే పాట. వాయిద్యాలు పెద్దగా లేవు, గొంతే అంతా. సగం పాడేసరికి ఆవిడ నడుం పట్టేసింది. "మిగిలింది రేపు. ఎల్లుండి ఎలాగూ ప్రయాణం, నెలల తరబడి రాను. రేపు ముగించేద్దాం" అని లేచింది. పాడిన సగం విని ప్లగ్గు కళ్ళు తుడుచుకుంది. అలాంటిది ఆమె ఎప్పుడూ పట్టుకోలేదు.

మర్నాడు పొద్దున్నే గోడౌన్ తలుపు తీసింది. లోపల ఏమీ లేదు.

ఏమీ అంటే ఏమీ. నేల కడిగి ఉంది. గోడలు బోసిగా తెల్లగా నిలబడ్డాయి. మధ్యలో ఆమె మైకులు మాత్రం దిక్కులేనివాటిలా ఉన్నాయి. ఒకసారి చప్పట్లు కొట్టింది. షెడ్డు తిరిగి చప్పట్లు కొట్టింది.

వెనక నుంచి బావ నవ్వుతూ వచ్చాడు. "ఎలా ఉంది? నిన్న సాయంత్రం కొత్త హాస్టల్ వాళ్ళొచ్చి మొత్తం ఎత్తుకుపోయారు. ఇంకో నాలుగు మిగిలితే అవి కూడా బలవంతాన అంటగట్టా. అంత పెద్దావిడ ఇరుకులో నిలబడి పాడుతుంటే నాకే సిగ్గేసింది ప్లగ్గూ. నీ కోసమే ఖాళీ చేయించా. కడిగించా కూడా."

ప్లగ్గు ఏమని తిడుతుంది? గోడౌన్ ఆయనది, పరుపులు ఆయనవి, అమ్ముకోవడం ఆయన వ్యాపారం. పైగా ఆ మొహం చూస్తే, మెచ్చుకుంటుందని ఎదురుచూస్తున్నాడు.

"బావా, ఒకసారి ఏదైనా మాట్లాడు."

"ఏం మాట్లాడను?" అన్నాడు. షెడ్డు కూడా అదే అంది. బావ ఉలిక్కిపడి వెనక్కి చూశాడు. మళ్ళీ, "ఎవరది?" అన్నాడు. మళ్ళీ అంది. ఆయన నవ్వు మెల్లగా జారిపోయింది.

"నిన్నటి సగం పాట పరుపుల మధ్య పాడింది బావా. మిగతా సగం ఇక్కడ పాడితే, ఇంట్లో కూర్చున్న మనిషి ఉన్నట్టుండి లేచి బావిలోకి దూకినట్టుంటుంది. మోత తక్కువైతే కలపొచ్చు, అది ఉప్పు లాంటిది. ఎక్కువైందో, ఏ మీట తిప్పినా బయటికి రాదు."

"మొదటి సగం మళ్ళీ పాడించు."

"ఆవిడ పాడదు."

"ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తా." చేశాడు. కొత్త లోడు వారం తర్వాత అన్నారు. హాస్టల్‌కి చేశాడు. పిల్లలు వాటి మీదే పడుకుని ఉన్నారట, లేచి ఇవ్వరట. బావ ఫోన్ జేబులో పెట్టుకుని తల పట్టుకున్నాడు. "నేను నీ కొంప ముంచానా?"

"ఇంకా లేదు బావా. గురువుగారు మధ్యాహ్నానికి వస్తారు."

ఈ మాటలన్నీ వింటూ వచ్చిన అక్క చెంగున వెనక్కి తిరిగింది. కాసేపటికి ఇంట్లోంచి తమ మంచం మీది పరుపు ఈడ్చుకుంటూ వచ్చింది. అది మధ్యలో గుంటపడి, ఒక పక్క దూది బయటికి వచ్చి ఉంది.

"ఊరందరికీ కొత్త పరుపులమ్మే మనిషి పడుకునేది దీని మీద" అంది. "చూసుకోండి అందరూ."

"అందరికీ చూపించాలా అది?" అని బావ గొణిగాడు.

"చూపించాలి. ఇంకా తెప్పించాలి." వీధిలోకి వెళ్ళి గొంతెత్తింది. "ఏమండీ, మీ పరుపొకసారి ఇస్తారా? సాయంత్రానికి ఇచ్చేస్తాం. గంటమ్మగారు పాడతారు దాని మీద."

"దాని మీద కాదక్కా, దాని పక్కన" అంది ప్లగ్గు.

మీదైతే ఏం, పక్కనైతే ఏం, గంటమ్మగారి పేరు చాలింది. లాండ్రీ ఆయన భార్య ఒకటి మోసుకొచ్చింది. టైలరమ్మ తన అత్తగారిని నిద్రలేపి మరీ పరుపు లాక్కొచ్చింది, వెనకాలే అత్తగారు కూడా వచ్చింది. సెలూనాయన రెండు దిండ్లు, ఒక పాత కుర్చీ మెత్తా తెచ్చాడు. ఆయన వెనకే ఒక చెంప నురగతో, మెడకి గుడ్డతో ఆయన కస్టమరు వచ్చాడు. "సగంలో వదిలేసి ఎక్కడికయ్యా?" అంటూ వచ్చినవాడు సంగతి విని నిలబడిపోయాడు. దూదివి, స్పాంజివి, కుట్లు ఊడినవి, పిల్లలు తడిపినవి, అన్నీ గోడలకి ఆనించారు. బావ ఒక్కో పరుపూ అందుకుంటూ తయారీ చూసి, "ఇది నా దగ్గర కొన్నది కాదు" అని మొహం మాడ్చుకున్నాడు.

ప్లగ్గు చప్పట్లు కొట్టి వింది. తగ్గింది. చాలలేదు. కొత్త పరుపులు కప్పు దాకా ఉండేవి, ఇవి మనిషి ఎత్తు కూడా లేవు.

అప్పుడే కారొచ్చి ఆగింది. గంటమ్మగారు దిగింది. వెనక కార్లో మేనేజరూ గురువుగారూ. ఆవిడని చూడటానికి వీధి వీధంతా గోడౌన్‌లోకి తోసుకొచ్చింది. లాండ్రీ వాళ్ళు, టైలరమ్మ వాళ్ళు, దారిన పోయేవాళ్ళు, సగం గడ్డం ఆయన, అందరూ. "అమ్మా, నడుమెలా ఉంది?" అని ఒకరు, "అమ్మా, మా ఇంట్లో పొద్దున్నే మీ పాటే" అని ఒకరు.

ఆ గందరగోళంలో ప్లగ్గు ఊరికే, అలవాటు కొద్దీ, ఇంకోసారి చప్పట్లు కొట్టింది. కొట్టి ఆగిపోయింది. చప్పుడు పుట్టిన చోటే ఆరిపోయింది. నిన్నటిలా.

మేనేజరు చిరాకు పడ్డాడు. "ఏంటీ సంత? అందరూ బయటికి నడవండి. రికార్డింగ్ ఉంది." జనం నసుగుతూ బయటికి వెళ్ళారు. ప్లగ్గు మళ్ళీ కొట్టింది. షెడ్డు మళ్ళీ తిరిగి కొట్టింది. అంటే ఇందాక మోతని మింగింది ఆ మనుషుల ఒళ్ళూ, ఒంటి మీది బట్టలూ.

ఆమె తలుపు దగ్గరికి పరిగెత్తింది. "వెళ్ళకండి. అందరూ లోపలికి రండి. కూర్చోండి."

"నీకేమన్నా పిచ్చా?" అన్నాడు మేనేజరు. "రికార్డింగ్‌లో జనమా? ఒక్కడు దగ్గితే?"

"దగ్గరు సార్."

"ఎలా చెప్తావ్?"

"మీరు కూడా కూర్చోండి. ఒంటి మీద కోటుంది, మంచిది."

గురువుగారు ఆమె వంక చూసి, తనూ ఒకసారి చప్పట్లు కొట్టి, తల పక్కకి వంచి విని, చెప్పులు విప్పి గుమస్తా గదిలోకి వెళ్ళి కూర్చున్నాడు.

ప్లగ్గు అందరినీ ఒక్కొక్కరినీ చేత్తో పట్టి కూర్చోబెట్టింది. లావుగా ఉన్నవాళ్ళని బోసి గోడ వైపు పంపింది. గాజులు తీయించింది, ఫోన్లు ఆపించింది, చెప్పులు బయట విప్పించింది. సగం గడ్డం ఆయన మెడలో గుడ్డ తీయబోతే, "ఉంచండి, అదీ పనికొస్తుంది" అంది. ఇద్దరి మధ్య సందుంటే చప్పట్లు కొట్టి, "మీరు కాస్త ఇటు" అనేది. చివరికి టైలరమ్మ అత్తగారు జరగగానే చప్పుడు సరిగ్గా నిన్నటి చోట ఆరింది.

"నేను?" అన్నాడు బావ.

"నువ్వు బయటుండు బావా. నువ్వు నోరు మూసుకోలేవు."

"గోడౌన్ నాది."

"పాట బాగుంటే ఆహా అంటావు. బాగోకపోతే అయ్యో అంటావు."

"అననే. ఒట్టు." ఆయన మొహం చూసి జాలేసి మైకుకి దూరంగా, అక్క పక్కన కూర్చోబెట్టింది. అక్క ఆయన చేతిలో తువ్వాలు పెట్టి, "నోట్లో" అంది.

గంటమ్మగారు మధ్యలో నిలబడి చుట్టూ చూసింది. అందరూ కింద కూర్చుని ఆవిడ వంకే చూస్తున్నారు. ఆవిడ చెవులకున్న డిప్పలు తీసి ప్లగ్గు చేతిలో పెట్టింది. "ఇవి అక్కర్లేదు అమ్మాయ్" అంది.

ఆవిడ మొదలుపెట్టింది. నిన్న ఆపిన చోటి నుంచే, అదే శ్రుతిలో. పాటలో తల్లి తలుపు చప్పుడు విని లేస్తుంది. నిన్నటిదాకా లేవడం, తలుపు తీయడం ఆవిడకి పదాలే. ఇవాళ ఎదురుగా లాండ్రీ ఆయన భార్య మొహం ఉంది. ఆ మొహానికి పాడింది. ముసలి అత్తగారి మొహానికి పాడింది. గొంతు పెద్దది చెయ్యలేదు, తగ్గించింది. ఎదురుగా ఉన్నవాళ్ళకి అరిచి చెప్పక్కర్లేదు కదా.

కిటికీ వెనక ప్లగ్గు చెయ్యి మీట మీద ఉంది, కళ్ళు జనం మీద ఉన్నాయి. సెలూనాయనకి దగ్గు వస్తోంది. మొహం ఎర్రగా అయింది, మెడ ఉబ్బింది, పక్కనున్న కస్టమరు ఆయన చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు. దగ్గు మింగాడు. బావ కళ్ళలోంచి నీళ్ళు కారిపోతున్నాయి, తువ్వాలు నోట్లో సగం దాకా పోయింది. మేనేజరు కోటు చెయ్యి కదిలితే గుడ్డ చప్పుడవుతుందని కొయ్యలా కూర్చున్నాడు.

పాట అయిపోయింది. ఎవరూ కదల్లేదు. చివరి మోత గదిలో పూర్తిగా ఇంకేదాకా ప్లగ్గు చెయ్యి పైకెత్తే ఉంచింది. తర్వాత దించింది.

సెలూనాయన దగ్గిన దగ్గుకి పావురాలు కప్పు మీంచి లేచిపోయాయి. ఆ వెనకే చప్పట్లు, ఈలలు. బావ నోట్లోంచి తువ్వాలు తీసి, "ఆహా" అని, అంతసేపటి నుంచీ దాచుకున్నవన్నీ ఒకేసారి అనేశాడు.

ప్లగ్గు రెండు సగాలూ కలిపింది. గురువుగారు కంప్యూటర్ తెర వైపు వీపు పెట్టి కూర్చున్నాడు. "ఎక్కడ అతికావో చూపించకు. నేనే చెబుతా" అన్నాడు. జనమంతా తలుపు దగ్గర గుమిగూడారు. మేనేజరు గోడకానుకున్నాడు.

పాట మొదలైంది. ఒకచోట గురువుగారు వేలెత్తాడు.

"అది కాదు సార్. అక్కడ ఊపిరి తీసుకున్నారు."

మళ్ళీ మొదటి నుంచి. ఇంకోచోట వేలెత్తాడు.

"అదీ కాదు సార్."

మూడోసారి వేలెత్తలేదు. పాట చివరిదాకా కళ్ళు మూసుకునే ఉన్నాడు. అయ్యాక కుర్చీ ఇటు తిప్పాడు.

"గదిలో తేడా లేదు. గొంతులో ఉంది. మొదట ఎవరి కోసమో ఎదురుచూస్తూ పాడింది, తర్వాత వాళ్ళొచ్చి కూర్చున్నట్టు పాడింది. ఆ తేడా ఉండాల్సిందే. అది తీసేస్తే నేను ఊరుకోను." మేనేజరు వైపు తిరిగాడు. "ఇందులో నేను సరిచేసేది ఏమీ లేదయ్యా. ప్రొడ్యూసర్ ఎదురుగానే ఉంది. పేరు ఆమెది."

మేనేజరు గొంతు సర్దుకున్నాడు. ఒకసారి గోడకున్న పరుపుల్ని చూశాడు. "వచ్చేవారం కవరు పనికి ఆఫీసుకి రాగలరా మేడం?" అన్నాడు.

"కవరు మీద కూర్చున్నవాళ్ళ పేర్లు కూడా వెయ్యాలి సార్" అంది ప్లగ్గు. "వాళ్ళు లేకపోతే ఇది లేదు."

"అంతమందివా?"

"చిన్న అక్షరాలతో వెయ్యండి."

సగం గడ్డం ఆయన ముందుకొచ్చి తన పేరు రాసిచ్చాడు. అంతవరకూ ఆయనెవరో ఆ వీధిలో ఎవరికీ తెలియదు.

రికార్డు బయటికొచ్చి ఇల్లిల్లూ తిరిగింది. ఆ పెద్ద పాట రేడియోలో రాని రోజు లేదు. మొదటి కాపీ ప్లగ్గు నాన్న చేతిలో పెట్టింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుని, కవరు వెనక్కి తిప్పి, ప్రొడ్యూసర్ అన్న మాట పక్కన వేలు పెట్టి, కూతురి పేరు ఇంటిపేరుతో సహా పైకి చదివాడు. రెండోసారి ఇంకొంచెం గట్టిగా చదివాడు, పక్కింటివాళ్ళ కోసం. తర్వాత కింద ఉన్న చిన్న అక్షరాల మీదికి వెళ్ళాడు.

"ఇందులో అల్లుడుగారి పేరేంటి? ఆయనేం వాయించారు?"

"ఏమీ లేదు నాన్నా. చప్పుడు చెయ్యకుండా కూర్చున్నాడు."

"అల్లుడుగారా? పాట అంతా?"

"పాట అంతా."

నాన్న కవరు మళ్ళీ కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. "అయితే ఆయన పేరు కాస్త పెద్దగా వెయ్యాల్సింది" అన్నాడు.

పక్కనే కూర్చుని వింటున్న బావకి కోపం వచ్చే లోపే ఫోన్ మోగింది. ఆయనే ఎత్తాడు. అవతల ఎవరో పాటగాడు, గొంతులో బెరుకుంది. "ప్రొడ్యూసర్ గారున్నారాండీ? మా రికార్డొకటి చేయాలి. ఆ పరుపుల గదిలోనే, మీ వీధివాళ్ళు కూర్చుంటేనే అంటున్నాం."

బావ ఫోన్ మీద చెయ్యి మూసి గదంతా చూశాడు. "ప్రొడ్యూసర్ గారట. ఎవరు?"

"ఎవరేంటండీ" అంది అక్క. "అదే."

ప్లగ్గు లేచి వెళ్ళి ఫోన్ అందుకుంది. "నేనే. చెప్పండి" అంది. పాటగాడు చెబుతూ పోయాడు. ఆమె వింటూ, అవతల మాటకీ మాటకీ మధ్య ఆ గొంతు ఎక్కడ వణుకుతోందో, ఎలాంటి పాట దానికి సరిపోతుందో అప్పుడే ఎంచుకోవడం మొదలుపెట్టింది.